పెద్దాయన కంటతడి పెట్టిన సీను

"ఈ సినిమా నేనెప్పుడు సూసినానప్పా?"

పెద్దాయన ఆ మాట అడిగినప్పుడు నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. అందులో సగం అప్పటికే నా ప్యాంటు మీద ఉంది. ఆయన కోపంగా అడగలేదు, నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. మరిచిపోయిన సంగతేదో గుర్తు చేయమన్నట్టు నెమ్మదిగా, మా పత్రిక జిల్లా పేజీని నాలుగు మడతలు పెట్టి, ఒక చోట వేలు ఆనించి అడిగాడు. ఆ వేలి కింద ఆయన పేరు, ఆయన ఊరి పేరు, వాటి వెంట ఒక సినిమా గురించి ఆరు వరుసల అభిప్రాయం అచ్చయి ఉన్నాయి. పేరు ఆయనది, ఆరు వరుసలూ నావి. (ఆ పేరు ఇక్కడ మళ్ళీ రాసే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. పెద్దాయన అనే అంటాను. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అలాగే అనేవాళ్ళు, అది కూడా గొంతు తగ్గించి.)

ఆ రోజుల్లో జమ్మలమడుగు పక్క పల్లెల్లో పత్రిక చదివే పద్ధతే వేరు. ఎవరి పెళ్ళికి ఎవరు వెళ్ళారు, ఫొటోలో ఎవరి భుజం పక్కన ఎవరి భుజం ఉంది, పండగ శుభాకాంక్షల ప్రకటనలో ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద ఉంది, ఇవన్నీ వేళ్ళతో తడిమి చదివేవాళ్ళు. ఒక పేరు అచ్చయిందంటే దాని వెనక ఒక కబురు ఉన్నట్టే. ఊళ్ళో ఒక వర్గం ఒక పార్టీలో ఉంటే రెండో వర్గం రెండో పార్టీలో ఉండేది. ఒకరు పార్టీ మారితే మర్నాటికల్లా రెండోవాళ్ళూ మారేవాళ్ళు. ఇదంతా ప్రొద్దుటూరులో విలేకరిగా తిరుగుతున్న నాకు తెలిసి ఉండాల్సింది. కానీ ఇరవై మూడేళ్ళ వయసులో నాకు బాగా తెలిసినవి సినిమాలొక్కటే.

కొత్త సినిమా విడుదలైతే మార్నింగ్ షో అవగానే థియేటరు బయట అయిదుగురిని పట్టుకుని, వాళ్ళ పేరు, ఊరు, అభిప్రాయం రాసుకుని, ఆ కాగితాలు కవర్లో పెట్టి మూడు గంటల కడప బస్సు డ్రైవరు చేతికివ్వాలి. అది నా పని. కడప డెస్కులో కూర్చునే మా పెద్ద సబ్ ఎడిటరును మేం ఎర్రసిరా అనేవాళ్ళం. ఆయన దిద్దాక మా వార్తల్లో మిగిలే నల్ల సిరా తక్కువ. ఆయన నాకు రెండు నియమాలు పెట్టాడు. "అయిదుగురిలో ఒక్కడైనా పల్లెటూరి పెద్దమనిషి ఉండాలి. ఒక్కడైనా చివరి సీను గురించి మాట్లాడాలి. లేకపోతే నువ్వు సినిమా చూడలేదని జనానికి తెలిసిపోతుందిరా."

ఆ శుక్రవారం వచ్చింది ఫ్యాక్షన్ సినిమా. (అప్పుడు వచ్చేవన్నీ అవే. మా జిల్లా గురించి మా జిల్లాకు చెప్పడానికి ఎక్కడెక్కడివాళ్ళో పోటీ పడేవాళ్ళు.) అభిమానులు కటౌటుకు దండలు వేసి, కొబ్బరికాయలు కొట్టి, ఆ చిప్పలు తెర ముందుకు విసిరి, చివరికి ఆట మొదలయ్యేసరికి ఒంటిగంట దాటింది. ఇంటర్వెల్ గంట కొట్టినప్పుడు రెండుంపావు. బస్సు మూడింటికి. ఇంటర్వెల్లో అభిప్రాయం అడిగితే అందరూ చెప్పింది ఒకటే మాట: "పక్కకు జరుగప్పా, సమోసాలు అయిపోతాండాయి."

సెకండాఫ్ వదిలేసి బస్టాండు ఎదుట టీ అంగట్లో కూర్చున్నాను. నిజానికి నాకు ఆ సినిమా మీద గట్టి అభిప్రాయాలున్నాయి. విలేకరికి అభిప్రాయాలు ఉండకూడదు కాబట్టి వాటిని అయిదు ముక్కలు చేసి అయిదుగురికి పంచాను. నలుగురు సులువుగానే తయారయ్యారు. అయిదో మనిషి పల్లెటూరి పెద్దమనిషి, పైగా చివరి సీను చూసినవాడు కావాలి. ఎదురుగా ఆగిన బస్సు బోర్డు మీద నుంచి ఒక ఊరి పేరు తీసుకున్నాను. మా జిల్లాలో ఊరికి పదిమందికి ఉండే పేరు ఒకటి పెట్టాను. (ఆ ఊళ్ళోనూ పదిమంది ఉన్నారు. కానీ తొమ్మిదిమందిని వాళ్ళ అమ్మలు కూడా ఆ పేరుతో పిలవరని తర్వాత తెలిసింది. ఆ పేరు ఒక్కరికే చెల్లుతుంది.) ఇక చివరి సీను. ఎలా ఉంటే బాగుంటుందని ఆలోచిస్తే రెండు వర్గాల పెద్దలూ కత్తులు పక్కన పెట్టి, ఒకే నులకమంచం మీద కూర్చుని టీ తాగితే బాగుంటుందనిపించింది. అప్పుడు నేను తాగుతున్నదీ టీయే. రాసేశాను: "ఫస్టాఫ్ అంతా కొట్టుకోవడమే. చివర్లో ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని టీ తాగే సీను చూసి కంటతడి పెట్టాను. మా ఊళ్ళో కూడా ఇలా జరిగితే ఎంత బాగుంటుందో అనిపించింది."

మరుసటి రోజు ఉదయం ఎనిమిదింటికి మా ఇంటి ముందు జీపు ఆగింది. ముగ్గురు దిగారు. మా నాన్న బడిపంతులు. ఆయన్ని చూడగానే ముగ్గురూ చెప్పులు విడిచారు. "అయివారూ, మీ అబ్బోన్ని పెద్దాయన ఒకసారి రమ్మన్యాడు. మధ్యాన్నానికి మల్లా యిడిసిపెడతాం" అన్నాడు డ్రైవరు. మా నాన్న చేతిలోని పత్రికను చూశాడు, నన్ను చూశాడు. మా అమ్మ మాత్రం "దోసె తిననిదే ఎక్కడికీ పోడు" అని గడప దగ్గర నిలబడింది. నేను పారిపోవడానికి ఆమె నాకిచ్చిన సమయం అదని తర్వాత చెప్పింది. నేను కూర్చుని నాలుగు దోసెలు తిన్నాను. (భయం వేస్తే నాకు ఆకలి. ఇప్పటికీ అంతే.) వచ్చినవాళ్ళు తలా మూడు తిని, అల్లం చట్నీ శానా బాగుందన్నారు.

డ్రైవరును వాళ్ళవాళ్ళు ఫస్టుషో అని పిలుస్తున్నారు. విడుదలైన రోజే చూడకపోతే అతనికి అన్నం సయించదట. ఊరు దాటగానే వాళ్ళ చర్చ మొదలైంది. నేను అంతకు ముందు రాసిన సమీక్షలన్నీ సిగ్గుపడే చర్చ అది.

"బాంబు అట్ల బంతి మాదిరి పట్టుకోని పరిగెత్తుతాడా యాడన్నా? కాలు తడబడితే వానికే పేలుతాది."

"ఆ కొడవలి పట్టుకోని అంతసేపు మాట్లాడేదేందిరా? ఆ మాటలు అయిపోయేలోపల అవతలోడు బస్సెక్కి పోయింటాడు."

"సుమోలు గాల్లోకి లేసేది సూసినావా? మనది మిట్ట ఎక్కాలంటే నలుగురు దిగి తొయ్యల్ల."

నేను కూడా నవ్వబోయాను. అప్పుడే ఫస్టుషో అద్దంలోంచి నన్ను చూస్తూ అన్నాడు: "నేను నిన్న రెండాటలు సూసినాను సామీ. నువ్వు రాసిన టీ సీను మాత్రం నాకు యాడా కనపల్యా. క్లైమాక్సులో అందురూ సచ్చిపోతారు గదా? టీ తాగేదానికి ఎవుడు మిగిలినాడు?"

పెన్నా వంతెన మీద అంత గాలిలో నాకు చెమట పట్టింది. సినిమాలో ఆ సీనే లేదన్నమాట. లేని మనిషి అభిప్రాయం రాశాననుకుంటే అతను ఉన్నాడు. ఉంటుందనుకున్న సీను మాత్రం లేదు. అతను మళ్ళీ అడగలేదు. మిగతా దారంతా ఈల వేస్తూ నడిపాడు.

ఇక ఆ మజ్జిగ గ్లాసు దగ్గరికి వస్తాను. ఎప్పుడు చూశానని ఆయన అడిగితే నిజం చెప్పేశాను, సగం. పేరు ఊహించి రాశానని, తప్పయిపోయిందని, ఖండన రాసిస్తే రేపే వేయిస్తానని చెప్పాను. పెద్దాయన పత్రిక మడతలు విప్పి ఒళ్ళో పరిచాడు.

"తెల్లారి అయిదు నుంచీ ఒగటే జనమప్పా. రాజీకి పోతాండావంటనే అని ఒకడు. పార్టీ మారతాండావా అని కడప నుంచి ఇంగొగడు. నేనేడ్సినానంట. మా యింటిది పేపరు సూసి అరగంట నవ్వింది. పెండ్లయినప్పుడు నవ్విందేమో అంత నవ్వు."

తలుపు వెనక నుంచి గాజుల చప్పుడు, మళ్ళీ నవ్వు.

"ఖండన ఏస్తే ఒగ తిప్పలుండాదిలే" అని ఆయన నా కుర్చీ పక్కన ఉన్న గంప మీద గుడ్డ తీశాడు. అందులో చీనీకాయలు (బయటివాళ్ళు బత్తాయిలంటారు). "ఇవి పులివెందుల నుంచి వచ్చినాయి. గంట కాలేదు."

ఆ ఊళ్ళో రెండో వర్గం పెద్ద ఊరు వదిలి పులివెందుల దగ్గర చీనీతోట వేసుకుని ఉంటున్నాడని అందరికీ తెలుసు. పదకొండేళ్ళుగా ఇద్దరి మధ్యా మాటంటూ నడిచింది కోర్టు వాయిదాల్లోనే. ఆ ఏళ్ళలో రెండు వైపులా పోయిన మనుషుల గురించి మా పత్రికలో వచ్చిన వార్తల్లో రెండు నేను రాసినవి.

"మనిషితో కబురు గూడా పంపినాడు" అన్నాడు పెద్దాయన. "సినిమా నేనూ సూసినా, ఆ సీను నాకూ నచ్చింది, ఫస్టాఫ్ కొంచెం తగ్గించింటే బాగుండు అన్యాడంట. ఇప్పుడు ఖండన ఏస్తే ఆయప్ప మొగం మీద కొట్టినట్టు గాదా? అట్లని సూడని సినిమాకు జవాబేం పంపేది? ఆ సీను ఎట్లుంటాదో నువ్వు చెప్పు. ఇద్దరూ ముందు ఏం మాట్లాడుకుంటారు?"

అప్పుడు నాకు అసలు సంగతి తట్టింది. పులివెందుల ఆయన కూడా సినిమా చూడలేదు. చూస్తే అందులో లేని సీను ఎలా నచ్చుతుంది? చూడని ఇద్దరు, లేని సీను, మధ్యలో నేను, గుమ్మం దగ్గర తాళాల గుత్తి తిప్పుతూ రెండాటలూ చూసిన ఫస్టుషో. అతను ఒక్క మాటంటే చాలు. అతని వైపే చూశాను.

ఫస్టుషో తాళాలు తిప్పడం ఆపాడు. "శానా బాగుంటాది పెద్దాయనా ఆ సీను" అన్నాడు. "ముందు ఎవురూ ఏం మాట్లాడరు. టీ చల్లారిపోతా ఉంటాది. కడాకు ఇద్దర్లో చిన్నోడు 'ఇంట్లో అందురూ బాగుండారా?' అని అడుగుతాడు. అంతే. నేనూ ఏడ్సినా."

పక్కనున్న ఇద్దరూ నిన్న అతనితో పాటు సినిమా చూసినవాళ్ళే. ఒకడు పైకప్పు వైపు, ఒకడు తన కాళ్ళ వైపు చూస్తూ ఊఁ కొట్టారు. పెద్దాయన లేచి, గంపలోంచి ఒక చీనీకాయ తీసి నా చేతిలో పెట్టాడు. "ఇంగ మల్లా నా పేరు రాయాకు. రాస్తే నన్నడిగి రాయి" అన్నాడు. నేను బతికానని అర్థమైంది.

తిరుగు దారిలో ఫస్టుషో ఈల వేయలేదు. వంతెన దగ్గర నేనే అడిగాను, ఎందుకలా చెప్పావని. "మా అక్కను అవతల పార్టీ యింటికిచ్చినాం సామీ, గొడవలకు ముందు. ఇప్పుడు పులివెందులలోనే ఉంది. పదకొండేండ్లాయ. దానికి ఇద్దరు ఆడపిల్లోల్లంట. నేను సూడల్యా." తర్వాత గేరు మార్చి, "నీ సీనే బాగుండాది లే, వాల్లు తీసిందానికన్నా" అన్నాడు. నా రాత మీద నాకు దొరికిన మొదటి మంచి అభిప్రాయం అది. దాన్ని మాత్రం పత్రికలో వేసుకోలేకపోయాను.

ఎర్రసిరాకు ఇదేదీ చెప్పలేదు. ఆయన ఆ వారం నన్ను మెచ్చుకున్నాడు కూడా, అయిదో అభిప్రాయంలో సహజత్వం ఉందని. ఆ తర్వాత నేను ఎవరి పేరూ ఊహించి రాయలేదు. ఆ రెండు వర్గాలూ రాజీ పడ్డాయని చెప్పలేను. అలాంటి వార్త ఎప్పుడూ రాలేదు. వాయిదాలు నడిచాయి, పార్టీలు ఎదురుబొదురుగా మారుతూనే పోయాయి. కానీ నేను ప్రొద్దుటూరులో ఉన్న మరో ఆరేళ్ళలో ఆ ఊరి నుంచి నేను రాయాల్సిన చావు వార్త ఒక్కటీ లేదు. ఏటా చీనీకాయల కాలంలో జమ్మలమడుగుకు ఒక గంప వచ్చేదని, ఇటు నుంచి శనగల మూట వెళ్ళేదని, రెండూ ఫస్టుషో జీపులోనే తిరిగేవని విన్నాను. ఆ జీపు పులివెందులలో ఒక పూట ఎక్కువ ఆగేదని కూడా విన్నాను.

ఇద్దరు పెద్దలూ ఇప్పుడు లేరు, జబ్బు చేసే పోయారు. ఆ సినిమా ఇప్పటికీ టీవీలో మధ్యాహ్నాలు వస్తుంటుంది. మొన్న మొదటిసారి చివరిదాకా కూర్చుని చూశాను. ఫస్టుషో చెప్పింది నిజమే, అందరూ చచ్చిపోతారు. మా ఆవిడ వచ్చి, తెర మీద అంతమంది పడి ఉంటే ఎందుకు నవ్వుతున్నారని అడిగింది. టీ అంగట్లో కూర్చుని ప్రపంచానికి ముగింపు రాసిన ఆ ఇరవై మూడేళ్ళ కుర్రాణ్ణి చూసి నవ్వుతున్నానని చెప్పలేదు. ఇంకా తేలని సంగతి ఒకటే. ఆ శనివారం ఆ గంప పంపేముందు, ఆ సీను సినిమాలో లేదని పులివెందుల ఆయనకు తెలుసో తెలియదో, నేను అడిగినవాళ్ళెవరూ చెప్పలేకపోయారు.