రాళ్ళ చదువు

అనంతపురం కాలేజీ లైబ్రరీలో తాళం వేసిన బీరువా ఒకటి ఉండేది. అందులో ఎర్ర అట్ట పుస్తకం. బయటి దేశాల పిల్లలు ఇంగ్లండులో ఏ విశ్వవిద్యాలయంలో ఏం చదువుకోవచ్చో, అందుకు ముందుగా ఏం చదివి ఉండాలో, ఎన్నేళ్ళు పడుతుందో అంతా అందులో అచ్చువేసి ఉండేది. ఇంటికి ఇవ్వరు. లైబ్రేరియన్ ఎదుటే నిలబడి చూసుకోవాలి. ఆయన ప్రతిసారీ తాళంచెవి ఎక్కడ పెట్టాడో వెతుక్కునేవాడు. నేను ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదికి మారుతూ, లోపల ఆయన్ను తిట్టుకుంటూ నిలబడేదాన్ని.

ఆ పుస్తకం చదివినంత ఆత్రంగా నేను మరేదీ చదవలేదు. తోళ్ళు పదును చేయడానికి ఒక కోర్సు, పింగాణీకి ఒకటి, ఓడలు కట్టడానికి ఒకటి, పాడిపశువులకు ఒకటి. లోకంలో మనుషులు ఇన్ని రకాలుగా చదువుకుంటున్నారా అని నాకు సంతోషం బదులు కోపం వచ్చేది. మా ఊళ్ళో చదువంటే రెండే: డాక్టరు, లాయరు. ఆడపిల్లకు ఆ రెండూ కూడా లేవు.

అరవైలు మొదలైన రోజులవి. నేను బి.ఎస్సీ. చివరి ఏడాదిలో ఉన్నాను. మా తరగతిలో భూగర్భశాస్త్రం తీసుకున్న ఆడపిల్లను నేనొక్కదాన్నే. గుత్తి కొండకు రాళ్ళు చూపించడానికి తీసుకుపోతే మగపిల్లలంతా కోట చూశారు. నేను రాళ్ళు చూశాను, ఆ తర్వాత రైలు కనిపించినంతసేపూ బొంబాయి వైపు పోతున్న రైలు చూశాను. ఎక్కడికైనా సరే, పోవాలి. ఒకచోట కూర్చుంటే నాకు ఊపిరాడదు. మా లెక్చరర్ ఒకాయన ఎర్ర అట్ట పుస్తకంలో గృహవిజ్ఞానం పేజీ తీసి, "ఇది చూడమ్మా, నీకు సరిపోతుంది" అన్నాడు. "వంట నేర్చుకోవడానికి ఓడెక్కి పోవాలా సార్?" అన్నాను. ఆయన మళ్ళీ నాతో ఆ మాట ఎత్తలేదు.

మాది నల్లమాడ దగ్గర పల్లె. నాయనకు మెట్ట పొలం బాగానే ఉండేది, పంచాయతీ సమితి రాజకీయాలు అంతకన్నా బాగా ఉండేవి. ఇంగ్లండు సంగతి ఎత్తినప్పుడల్లా ఆయన జవాబు ఒకటే. "యాడికీ పోయేది లే. డిగ్రీ అయిపోతానే పెండ్లి." ఆ తర్వాత తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. నేను తలుపులు దబదబా వేసేదాన్ని. వేసిన తలుపులు అమ్మ మళ్ళీ తీసేది.

ఇలా ఉండగా మా దాయాదుల ఇంటి పెద్దాయన కొడుక్కి మద్రాసులో డాక్టరు సీటు వచ్చింది. ఆయనకూ నాయనకూ తాతల నాటి నుంచీ పడదు, సమితిలో మరీ పడదు. ఆయన రచ్చకట్ట దగ్గర బూందీ పంచుతూ, "మన ఇండ్లల్లో మొదటి డాక్టరు మావోడేప్పా" అన్నాడట. నాయన చేతిలోని బూందీ నోట్లో వేసుకోకుండానే, "నీ కొడుకు మద్రాసు దాకానే గదన్నా. మా పాప లండన్లో చదువుతాది డాక్టరు" అనేశాడు. ఆ వారం నేను సెలవుకు ఊరికి వచ్చేసరికి అమ్మ గడపలోనే చెప్పింది. "మీ నాయన రచ్చలో నిలబడి నిన్ను లండనుకు పంపిచ్చినాడు. ఇంగ నువ్వు ఓడెక్కేదొగటే తక్కువ."

నేను ఎగిరి గంతేశాను. నిజంగానే గంతేశాను, వసారా దూలానికి తల తగిలేంత. ఎందుకంటే మా వైపు ఇంట్లో అన్న మాట వేరు, రచ్చకట్ట మీద పదిమందిలో అన్న మాట వేరు. ఇంట్లో అన్నది పొద్దున ఒకటైతే సాయంత్రం ఇంకొకటి కావచ్చు. రచ్చలో అన్నది వెనక్కి తీసుకుంటే మీసం తీసేసుకున్నట్టే. ఊళ్ళో పొలం హద్దులు, పెళ్ళి మాటలు, తగువుల తీర్పులు అన్నీ ఆ బండల మీద నోటిమాటతోనే నిలబడేవి. నన్ను ఇక ఎవరూ ఆపలేరు.

కానీ డాక్టరు చదువు నాకు రాదు. ఆ పేజీ నేను ఎన్నోసార్లు చూసి ఉన్నాను. బయటి దేశాలవాళ్ళకు ఉన్న సీట్లు చాలా తక్కువ, అవి దొరికినా నేను మొదటి నుంచీ మొదలుపెట్టాలి. అంతకన్నా ముందు నాకు ఆ చదువు వద్దు. నాకు కావలసింది రాళ్ళు. నా డిగ్రీతో నేరుగా చేరగలిగిన కోర్సు కూడా అదే. నాయన భోజనానికి కూర్చున్నప్పుడు ఇదంతా విడమరిచి చెప్పాను.

"రాళ్ళా?" అన్నాడు ఆయన, ముద్ద చేతిలోనే పట్టుకొని. "మన చేన్లో లేని రాళ్ళా అవి? ఏరలేక చస్తాంటిమి."

"భూమి లోపల ఏముందో, నీళ్ళెక్కడున్నాయో తెలిసే చదువు నాయనా."

ఆయన ముద్ద నోట్లో వేసుకుని నమిలాడు. తర్వాత, "పొయ్యేదానికి ఒప్పుకున్న్యా గదా. ఆడికి పోయి ఏం చదువుకుంటావో నీ ఇష్టం. రచ్చలో మాత్రం నన్ను రాళ్ళని చెప్పమనద్దు" అన్నాడు. మా నాయన మంచివాడే. కాకపోతే ఆయన మంచితనం ఇంటి గడప దాకానే వచ్చేది.

దరఖాస్తు పంపాను. వేసవి నాటికి రమ్మని జవాబు వచ్చింది. బొంబాయి నుంచి ఓడ వానలు వెనకబట్టాక. అప్పటిదాకా ఊళ్ళో ఉండాలి. ఆ ఎండాకాలం నేను ఎలా గడిపానో నాకే తెలుసు. పొద్దున లేచి చేనిదాకా పోయేదాన్ని, తిరిగి వచ్చేదాన్ని, మిద్దె ఎక్కేదాన్ని, దిగేదాన్ని. పడమటి దిక్కున మబ్బు పట్టినట్టే పట్టి విరిగిపోయేది. ఊరంతా వాన కోసం చూస్తుంటే నేను ఓడ కోసం చూశాను.

చెనిక్కాయ విత్తనం ఒలిచే రోజులవి. వానకు ముందే వేరుశనగ కాయలు ఒలిచి పప్పులు సిద్ధం చేసుకోవాలి, తడి తగలగానే విత్తాలి. ఊళ్ళో ఆడవాళ్ళు మా వసారాలో వరసగా కూర్చుని ఒలిచేవారు. నేనూ కూర్చునేదాన్ని, కాసేపు. అప్పుడే మొదలైంది. ఒకామె నాలుక చాపి చూపించింది. ఇంకొకామె బిడ్డలు నిలవడం లేదని చెప్పింది. మరొకామె గొంతు తగ్గించి, ఆడవాళ్ళు ఆడవాళ్ళతో తప్ప చెప్పుకోని సంగతి చెప్పి, "ఇప్పుడే చెప్పిపెడతాండా పాపా, నువ్వొచ్చినాక మందిస్తువు" అంది.

"నేను డాక్టరు చదవడం లేదు, రాళ్ళ గురించి చదువుతున్నాను" అన్నాను. అందరూ నవ్వారు. "సిగ్గు పడతాంది" అన్నారు. "మీ నాయన రచ్చలో చెప్పినాడు గదమ్మే" అన్నారు. మరునాడు మళ్ళీ చెప్పాను, గట్టిగా, కోపంగా. దిష్టి తగలకూడదని దాస్తున్నానని అనుకున్నారట. పదిమందిలో మగవాడు అన్న మాట ముందు వసారాలో ఆడపిల్ల అరిచి చెప్పినా నిలవదు. అది నాకు ఒళ్ళు మండించింది. ఇప్పటికీ మండిస్తుంది.

వాళ్ళలో ఒక అవ్వ ఉండేది. మా ఇంటి వెనక గుడిసె. చుట్టరికం ఏమీ లేదు. నా చిన్నప్పుడు నన్ను చంకనేసుకొని తిరిగిన మనిషి. కాయ పట్టుకుంటే రెండు వేళ్ళతో టక్కున పగలగొట్టేది. ఆ ఏడాది మాత్రం కుడిచేయి సరిగా లేపడం లేదు, ఎడమచేత్తో ఒలుస్తోంది. ఒక మధ్యాహ్నం అందరూ సంగటి తినడానికి పోయాక నా చేయి పట్టుకుని తన రొమ్ము మీద, చంక దగ్గర పెట్టింది. కింద రాయిలా గట్టిగా, కదలకుండా ఉంది. నా చేయి వెనక్కి లాక్కున్నాను.

"నొప్పేమీ లేకుండె. ఈ మధ్యనే" అంది. "నువ్వొచ్చినాక చూద్దువులే."

"అవ్వా, అనంతపురం ఆసుపత్రిలో ఆడ డాక్టరు ఉంది. రేపే పోదాం."

"ఎవురో తెలీనామెకు రైక ఇప్పి చూపిచ్చేదా? నీ మాదిరి మా చేతల్లో పెరిగిన పిల్లైతే సరే గానీ."

"నేను డాక్టరును కాను, కాబోను, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"మీ నాయన అబద్ధం చెప్తాడా రచ్చలో?" అంది అవ్వ. నా మీద ఆమెకు కోపం కూడా వచ్చింది.

ఆ సాయంత్రమంతా మిద్దె మీద ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. నాయన ఇంటికి రాగానే ఎదురుపోయాను. ఏ జబ్బో, ఎక్కడో నాయనతో చెప్పగలిగిన మాట కాదు. "అవ్వకు బాగాలేదు నాయనా. ఆసుపత్రికి రానంటోంది. నేను డాక్టరునై వచ్చేదాకా ఆగుతానంటోంది. నువ్వు చెప్పావు గనక" అన్నాను.

"నేనేం జేసేది? నువ్వు చెప్పు."

"నేను చెప్తే నమ్మడం లేదు. నువ్వు ఎక్కడ చెప్పావో అక్కడే చెప్పాలి."

నాయన ముఖం చూడలేకపోయాను. సమితి ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. దాయాది ఈ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తుంటాడు. ఆయన అన్నం తినలేదు. నా మీద అరవనూ లేదు. ఆయన అరిచి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

పొద్దున్నే తలగుడ్డ కట్టుకుని రచ్చకట్ట దగ్గరికి పోయాడు. నేను మా గోడ పక్కన నిలబడి విన్నాను. "నేనొగ మాట అంటిని. అది తప్పు. మా పాప చదివేది డాక్టరు గాదు. రాళ్ళ చదువు చదవబోతాంది. మీ ఇండ్లల్లో ఆడోళ్ళకు చెప్పుకోండి" అన్నాడు. వెంటనే దాయాది, "రాళ్ళు కొట్టేదానికి లండను దాకా ఏలప్పా, మన రోడ్డు పనిలో పెట్టుకుందుము గదా" అన్నాడు. రచ్చంతా నవ్వింది. నాయన తలెత్తకుండా ఇంటికి నడిచి వచ్చాడు. ఆ ఎన్నికల్లో ఓడిపోయాడు కూడా. ఆ సంగతి ఆయన ఎన్నడూ నా దగ్గర ఎత్తలేదు. నేను ఆ చదువే చదివి, తిరిగి వచ్చి, ఉద్యోగమంతా నీళ్ళున్న చోట్లు వెతుకుతూ జీపుల్లో తిరిగాను. నా కాళ్ళకు సరిపడిన పని. నాయనను తలుచుకుంటే మాత్రం నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ పొద్దున రచ్చ నుంచి ఇంటిదాకా ఆయన నడిచిన నడక.

అవ్వ ఆ మధ్యాహ్నమే ఒప్పుకుంది. మరునాడు పొద్దున బస్సెక్కాం. బస్సు ఊరూరా ఆగితే విసుక్కున్నాను, దారిలో గొర్రెలు అడ్డమొస్తే విసుక్కున్నాను. అవ్వ మాత్రం కిటికీలోంచి దున్నిపెట్టిన చేలు చూస్తూ, ఎవరి చేను ఎలా దున్నారో చెబుతూ కూర్చుంది.

డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి. తెర వేసి, చేతులు కడుక్కుని, అవ్వను చాలాసేపు పరీక్ష చేసింది. నన్ను పక్కనే ఉండమంది, అవ్వ నా కొంగు వదలలేదు గనక. పరీక్ష అయ్యాక, "ఎప్పటి నుంచి ఉందమ్మా ఇది?" అని అడిగింది.

"పోయిన ఏడు కొర్రకోతలప్పటి నుంచీ."

"అంతకాలం ఏం చేస్తున్నావు? అప్పుడే వచ్చి ఉంటే కోసి తీసేసేదాన్ని. ఇప్పుడు చంకలోకి కూడా పాకింది."

అవ్వ నా వైపు చూపించింది. "ఈ పాప లండనుకు పోయి డాక్టరు చదువుకోని వస్తాదంటే కాచుకోనుంటి."

డాక్టరమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. నాయన మాట, రచ్చ, బూందీ, ఎర్ర అట్ట పుస్తకం, ఇవన్నీ ఆమెకు ఎలా చెప్పను? ఏడుపొచ్చింది. ఆమె ఇక నన్నేమీ అడగకుండా అవ్వ వైపు తిరిగి, "అన్నేళ్ళు ఆగేది కాదమ్మా ఇది" అని మెల్లగా చెప్పింది.

అవ్వకు అర్థమైంది. రైక ముడి ఎడమచేత్తో తానే వేసుకుంది, నన్ను వేయనివ్వలేదు. కొంగు సర్దుకుంది. ఆ తర్వాత, ఏడుస్తున్నది తన గురించి కాదని, డాక్టరు చదువు పోయిందని నేను ఏడుస్తున్నానని అనుకుందేమో, నా గడ్డం పట్టుకుని అంది.

"ఏడవద్దు పాపా. ఇంగ నా కోసరం నువ్వు డాక్టరు చదవాల్సిన పని లే. నీకు ఏది ఇష్టమైతే అదే చదువుకో."