అత్త బిడ్డ బొంతలో నా నీలం లంగా

మా చిన్నప్పుడు బొంత కుట్టే రోజున వసారాలో కాలు పెట్టే చోటుండేది కాదు... పాత చీరలు నాలుగైదు ఒకదాని మీద ఒకటి పరిచి, కదలకుండా మూలల్లో రోకలి, సన్నెకల్లు, ఏది దొరికితే అది బరువు పెట్టేవాళ్లు. ఒక కొసన మా జేజి, అంటే నాయన వాళ్లమ్మ. ఇంకో కొసన పక్కింటి హుసేన్‌బీ. ఇద్దరూ చెరో అంచు నుంచి కుట్టుకుంటూ మధ్యకు వచ్చేవాళ్లు. సూదుల్లో దారం ఎక్కించడం నా పని. వాళ్లిద్దరికీ చూపు ఆనదు మరి...

మాది ఆళ్లగడ్డ. నాకప్పుడు తొమ్మిదేళ్లు.

జేజికి గుడ్డముక్కల పిచ్చి. టైలరు దగ్గర మిగిలిన కత్తిరింపులు, చిరిగిన చొక్కాల వీపులు, చీర కొంగులు... అన్నీ మూటగట్టి అటకెక్కించేది. ఆ వేసవిలో ఒక మూట జారి సరిగ్గా మా అమ్మ నెత్తిన పడింది. అమ్మ గట్టిగానే అనేసింది. జేజికి రోషం వచ్చింది. ఉన్న మూటలు అయిపోయేదాకా ఇంట్లోకి ఒక్క పీలిక కూడా రాదని, టైలరు అంగడి వైపు తొంగి కూడా చూడనని అందరి ముందూ చెప్పింది. నాలుగు రోజులైనా నిలబడుతుందా అని నాయన నవ్వుకున్నాడు.

నిలబడింది. కాకపోతే ఇంట్లో ఎవరి బట్టలకూ రక్షణ లేకుండా పోయింది. దండెం మీద ఆరేసిన లుంగీని నాయన ఎండీ ఎండకముందే తెచ్చుకుని కట్టుకునేవాడు...

అదే వేసవిలో మా మేనత్త శిరివెళ్ల నుంచి కాన్పుకు వచ్చింది. పుట్టబోయే బిడ్డకు బొంత కావాలి. దానికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఉన్న ప్రతి ఒక్కరూ తొడిగిన బట్టలోంచి ఒక ముక్క అందులో పడాలి. కొత్త గుడ్డ పనికిరాదు. బిడ్డ ఒంటికి గరుకుగా ఉంటుంది, పైగా ఉతికితే ముడుచుకుపోతుంది. నాయన లుంగీ, అమ్మ తెల్ల చీర, జేజి రవిక... అందరివీ వచ్చాయి. నడిమధ్యలో నా ముక్కకు చోటు వదిలారు. జేజి నా నీలం లంగా అడిగింది.

ఆ లంగా అంటే నాకు ప్రాణం. నంద్యాల బజారులో నేనే వేలు చూపించి కొనిపించుకున్నది. రెండేళ్లుగా తొడుగుతున్నా మోజు తీరలేదు. కత్తెర పడిందంటే ఇక లంగా పోయినట్టే అనుకున్నాను. ఇవ్వనని చెప్పే ధైర్యం లేదు. మూటలన్నీ వెతికితే అచ్చం అదే నీలం ముక్క ఒకటి దొరికింది, టైలరు దగ్గరి కత్తిరింపు. నా లంగాదేనని, నేనే కత్తిరించానని చెప్పి ఇచ్చాను. జేజి నమ్మి కుట్టేసింది...

బిడ్డకు పరిచే ముందు బొంతను ఒకసారి ఉతకాలి కదా. ఉతికారు. నీలం రంగు దిగి పక్కనున్న అమ్మ తెల్ల చీర మీదికి పాకింది. నా ముక్క ముడుచుకుని, చుట్టూ ముడతలు లేచాయి. హుసేన్‌బీ ఆ మరకను వేలితో రుద్ది నా వైపు చూసింది. జేజి నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

"రెండేండ్లు ఉతికిన గుడ్డ రంగు ఇడ్సదు పాపా" అంది. ఆ ముక్క ముడతలు సవరిస్తూ, "ఏడుస్తా ఇచ్చే గుడ్డ నాకొద్దు. నీకు ఇయ్యబుద్ధి అయినపుడే ఇయ్యి" అంది.

రెండు తగిలించి ఉంటే బాగుండేది... సిగ్గుతో చచ్చిపోయాను. అయినా లంగా ఇవ్వలేదు.

జేజి ఆ ముక్క కుట్లు విప్పేసి, బొంతను అలాగే పక్కన పెట్టింది. ఈలోగా అత్తకు ఆడపిల్ల పుట్టింది. హుసేన్‌బీ తన మనవడి బొంత తెచ్చి పరిచింది. చూడ్డానికి వచ్చినవాళ్లు కుట్టీ కుట్టని మా బొంతను చూసి ఇదేంటని అడిగేవాళ్లు. ఇంకో ముక్క రావాలని మాత్రం చెప్పేది జేజి. నా పేరు ఎత్తేది కాదు.

నాలుగో రోజో ఐదో రోజో అత్త పాపను నా ఒళ్లో పడుకోబెట్టింది. పాప నా నీలం లంగాను చక్కగా తడిపేసింది. అందరూ నవ్వారు. నాకు కోపం రావాలి కదా... రాలేదు. ఎందుకో చాలా సంతోషమేసింది. ఆ సాయంత్రమే లంగా ఉతుక్కుని, మర్నాడు ఆరాక కత్తెరతో సహా తీసుకెళ్లి జేజి ఒళ్లో పెట్టాను.

జేజి లంగాను తిరగేసింది. అంచు లోపలికి మడిచి కుట్టిన చోట కుట్లు విప్పి, ఆ మడతలోంచి అరచేతంత ముక్క తీసుకుని మళ్లీ కుట్టేసింది. పైకి చూస్తే లంగా లంగాలాగే ఉంది!

ఇంతేనా జేజీ అన్నాను.

"ఇంతే. నువ్వు అడగలేదు, నేను సెప్పలేదు."

ఆ బొంత మీదే అత్త పిల్లలు ముగ్గురూ పెరిగారు. జేజి మూటలు అయిపోవడానికి మాత్రం ఇంకో రెండేళ్లు పట్టింది...

ఇప్పుడు నేనుండేది నంద్యాలలో. ఆదివారాలు ఏడెనిమిది మందిమి చేరి బొంతలు కుడుతుంటాం. కుట్టేది తక్కువ, గుడ్డలు కొనేది ఎక్కువ... అల్మారాలు పట్టక మంచాల కింద కూడా పెట్టాం. అందుకే ఈ ఏడు ఒక్క మీటరు కూడా కొనకూడదని, ఉన్నవే వాడాలని ఒట్టు పెట్టుకున్నాం. మూడో వారానికే ఒకావిడ సేలు బోర్డు చూసి ఆటో దిగేసింది. నేనూ తక్కువ తినలేదు లెండి... ఫోన్లో కార్టులో పెట్టడం, తీసేయడం, మళ్లీ పెట్టడం.

మొన్న మా మరిదికి కొడుకు పుట్టాడు. వాడికి మా జేజి పద్ధతిలోనే బొంత మొదలుపెట్టాను. ఏడో తరగతి చదివే మా అమ్మాయిని నీకు బాగా ఇష్టమైన డ్రెస్సులోంచి ఒక ముక్క ఇవ్వమని అడిగాను. ఎంత ముక్కో, ఎందుకో కూడా అడగలేదు. తల ఎత్తకుండానే, ఏదైనా తీసుకో అమ్మా అంది.

అల్మారా తెరిచాను. కిక్కిరిసి ఉంది. ఏది తీసినా ఏమీ అనదు... ఒక్కటీ దాచుకోలేదు పిచ్చిపిల్ల. నేనైతే అబద్ధమాడి మరీ దాచుకున్నాను.

ఇవ్వను గాక ఇవ్వనని మీరు మొండికేసిన బట్ట ఏది? కింద రాయండి... అన్నీ మా అమ్మాయిని కూర్చోబెట్టి చదివి వినిపిస్తాను.