తూకాలాయన పచ్చదీపం

బజారులో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. తూకాలాయన అంటే చాలు, పసిపిల్లాడైనా ఇల్లు చూపిస్తాడు. ముప్పై నాలుగేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. చేతిసంచిలో ఇత్తడి గుండ్లు, జేబులో భూతద్దం. ఆయన వీధి మొదట్లో అడుగుపెడితే చివరి కొట్టు దాకా కబురు ముందే పరిగెత్తేది. పళ్లెం అడుగున మైనం ముద్ద అంటించేవాళ్లు, గుండుని కింద తొలిచేవాళ్లు, కాటా మీద బొటనవేలు ఆనించి నవ్వుతూ కబుర్లు చెప్పేవాళ్లు, అన్ని రకాల మోసాలూ ఆయనకు కొట్టిన పిండి. అంతటివాడు సాయంత్రం ఇంటికొస్తే చెప్పులతో పాటు అనుమానాన్ని కూడా గుమ్మం దగ్గరే విడిచేసేవాడు. భార్య ఒక మాట అందంటే ఇక దానికి తిరుగులేదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా!

ఆయనకు ఉన్న ఒకే ఒక్క పిచ్చి సైకిలు. డ్యూటీకి సైకిలు, సెలవు రోజున సైకిలు. ఊరి చివర రేడియో టవరు ఉన్న గుట్ట మీదికి తొమ్మిది మలుపుల రోడ్డుంది. దాన్ని కాలు కింద పెట్టకుండా ఎక్కడం ఆయన లెక్కలో మనిషి బతికున్నాడనడానికి గుర్తు. యాభై తొమ్మిదో ఏట గుండెపోటు వచ్చింది. స్టెంట్లు వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "చదును మీద మెల్లగా తొక్కుకోండి, గుట్టలూ పుట్టలూ మాత్రం మర్చిపోండి" అన్నాడు. అంతే, మనిషి కూలబడ్డాడు. మూడు నెలలు కిటికీ పక్క కుర్చీలో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. భార్య కిటికీ తెరలు, కుర్చీ కవర్లు కుడుతుంది. మిషను ముందు కూర్చుని ఆవిడ పలకరిస్తే ఊ కొట్టేవాడు, అది కూడా పది పిలుపులకు ఒకసారి.

ఆవిడ తమ్ముడిది రెండు వీధుల అవతల సైకిళ్ల షాపు. ఒకరోజు పొద్దున్నే ఒక కొత్త సైకిలు నడిపించుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబెట్టాడు.

"బావా, లే. నీ కోసం తెప్పించాను. పన్నెండు కిలోలే, దూది" అన్నాడు.

చూడ్డానికి అచ్చం రేసు సైకిలే. వంగిన హ్యాండిలు, వేలెడు మందం టైర్లు. వెనక చక్రం నడుమ పిడికిలంత మోటారు, ఫ్రేము గొట్టం లోపల బ్యాటరీ. తెలియనివాడు చూస్తే కరెంటు సైకిలని కనిపెట్టలేడు. తూకాలాయన లేచాడు. మూడు నెలల్లో తనంతట తాను లేవడం అదే మొదలు. అటకమీంచి కాటా దింపించి సైకిలుని తగిలించి చూశాడు. "పన్నెండు కిలోల మూడు వందలు. నువ్వు పన్నెండన్నావు కదరా" అన్నాడు.

"ఆ మూడు వందల గ్రాములూ నా ఆప్యాయతే బావా!"

"నీ ఆప్యాయత తగలెయ్య. మోటారుతో గుట్ట ఎక్కేవాడికీ, లారీ ఎక్కి కూర్చునేవాడికీ తేడా ఏముందిరా? నాకొద్దు."

బావమరిది అక్క ముఖం చూశాడు. అక్క మిషను మీంచి తలెత్తలేదు. అప్పుడు వాడు గొట్టం మీది బొత్తాన్ని చూపించాడు. నొక్కితే చుట్టూ ఒక దీపం వెలుగుతుంది. "వాడొద్దులే. ఇదిగో, పచ్చదీపం ఉంటే మోటారు పడుకున్నట్టు. నారింజ వస్తే లేచినట్టు, ఎరుపైతే పరిగెడుతున్నట్టు. పచ్చలో పెట్టుకుని నీ కాళ్లతోనే తొక్కు. మరీ ఆయాసం వచ్చిననాడు ఆదుకుంటుంది. తెల్లదీపం వచ్చిందంటే ఛార్జి తగ్గిందని, మళ్లీ నొక్కి పచ్చకి తెచ్చుకో. ముందూ వెనకా లైట్లు ఆ బ్యాటరీ మీదే కాబట్టి వారానికోసారి ఛార్జింగు మాత్రం పెట్టాలి."

"కాగితాలేవీ?" అన్నాడు తూకాలాయన. పాత అలవాటు, వదలదు కదా.

"అవి ఏదో అర్థం కాని భాషలో ఉన్నాయి, నేను దాచాన్లెండి" అంది భార్య మిషను దగ్గర్నుంచి. ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. చూశారా చోద్యం! బయటివాడు ఆ మాట అనుంటే దుకాణానికి తాళం వేయించి ఉండేవాడు.

మొదటివారం చదును మీద తిరిగాడు. నెల తిరిగేసరికి డాక్టరు మాటను గాలికి వదిలేసి గుట్ట మొదటి మలుపు ఎక్కాడు. ఆ మధ్యాహ్నం భోజనం అడిగి మరీ వడ్డించుకున్నాడు. తర్వాత నాలుగో మలుపు, ఏడో మలుపు. ఒక మంగళవారం పైన టవరు దాకా వెళ్లి, అక్కణ్నుంచి ఇంటికి ఫోన్ చేసి, "ఎక్కేశానోయ్! పచ్చలోనే!" అని అరిచాడు. అవతల భార్య కాసేపు మాట్లాడలేదు. ఆనందంతో నోరు పెగల్లేదనుకున్నాడు పాపం. ఎప్పుడైనా ఎత్తులో చేతికి సన్నని వణుకు తగిలితే, కొత్త బండి కదా అని సరిపెట్టుకున్నాడు.

ఒక చిన్న నోటుబుక్కులో ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకునేవాడు. యాభై రెండు, నలభై నాలుగు, ముప్పై ఏడు. పది నెలలకు ముప్పై ఒకటి. ఆ అంకెలు చూసుకుని మనిషి పొంగిపోయాడు. పొంగితే పొంగాడు, నోరు కూడా పెంచాడు. ఊళ్లో సైకిలు తొక్కే వయసుమళ్లినవాళ్లు పదిమంది దాకా ఒక జట్టు. అందులో ఒక పాత రైలు డ్రైవరు మోకాళ్లు అరిగిపోయి వేరే రకం కరెంటు సైకిలు మీద మోటారేసుకుని ఎక్కుతుంటే, అందరిముందూ, "ఏమయ్యా, కాటా మీద వేలు పెట్టి తూస్తున్నావా? గుండెకి స్టెంట్లు వేయించుకున్న నేను పచ్చలో ఎక్కుతున్నానే!" అన్నాడు. ఆ డ్రైవరు నవ్వేసి ఊరుకున్నాడు గానీ, ఆ తర్వాత రెండు వారాలు రానేలేదు.

ఏటా ఆ జట్టు గుట్ట ఎక్కే పందెం పెట్టుకుంటుంది. మోటారున్న బళ్లు వేరు, లేనివి వేరు. తూకాలాయన ఇంకేం ఆలోచించకుండా మోటారు లేనివాళ్లలో చేరాడు. ఆ రోజుకి మామూలు సైకిలు ఇస్తానని బావమరిది ఒప్పుకున్నాడు. ఇంట్లో చెబితే భార్య రెండుసార్లు, "ఈ ఏడు వద్దు లెండి" అంది.

"ఎందుకొద్దు? నా కాళ్ల సంగతి నా పుస్తకంలో ఉంది చూసుకో" అన్నాడు.

ఆవిడ పందెంవాళ్లిచ్చిన నంబరు గుడ్డని ఆయన చొక్కా వీపున నాలుగువైపులా పొందిగ్గా కుట్టి, ఇస్త్రీ చేసి పెట్టింది.

పందెం ఆదివారం. అంతకుముందు గురువారం పొద్దున ఆయన ఆఖరిసారి సాధనకని గుట్ట ఎక్కాడు. పైన సిమెంటు బల్ల మీద ఒకావిడ కూర్చుని నీళ్లు తాగుతోంది. యాభై దాటి ఉంటాయి. పక్కన ఆనించి ఉన్నది అచ్చం తన సైకిలే, రంగుతో సహా. ఆవిడ ఈయన బొత్తాన్ని చూసి ఆప్యాయంగా నవ్వింది.

"మీరూ పచ్చలోనే వచ్చారా అన్నయ్యగారూ? నేనూ అంతే. తక్కువ సాయం చాలు నాకు. నారింజలో పెడితే మరీ తోసేస్తుంది."

"సాయమేమిటమ్మా? పచ్చంటే మోటారు పడుకున్నట్టు కదా" అన్నాడాయన, పాఠం చెబుతున్నట్టు.

"అయ్యో, కాదండీ. తెల్లదీ పడుకోవడం. పచ్చ మొదటి మెట్టు. ఇదిగో, కాగితంలోనే ఉంది, మన భాషలోనే వేశారుగా" అని ఫోన్‌లో తీసి చూపించింది.

తూకాలాయన భూతద్దం లేకుండానే చదివాడు. మొదటిసారి చదివాక మళ్లీ మొదటినుంచి చదివాడు. ఆవిడకి దణ్ణం పెట్టి సైకిలెక్కాడు. కానీ ఇంటికి వెళ్లలేదు. ఎంత కాదన్నా ఇన్‌స్పెక్టరు, వినికిడి సాక్ష్యం మీద కేసు రాయడు. రెండు మలుపులు దిగి, బొత్తాన్ని తెలుపుకి తెచ్చి, బండి మళ్లించి పైకి తొక్కాడు. పది నెలలుగా తనదనుకున్న రోడ్డు అది. మలుపు సగం కూడా తిరక్కముందే తొడలు రాళ్లైపోయాయి. ఛాతీలో ఊపిరి అందలేదు. కాలు కింద పడింది. రోడ్డు పక్కన సైకిలు పట్టుకుని నిలబడి, ఎవరూ లేరు కదా అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఏడుపు కాళ్లు ఓడినందుకు కాదు. ఓడిపోతాయని తెలిసినవాళ్లు ఇద్దరూ పది నెలలుగా తనతో కలిసి పండగ చేసుకున్నందుకు.

షాపు ముందు దిగేసరికి బావమరిది ఒక చక్రానికి వంకర తీస్తున్నాడు.

"ఏరా, పచ్చంటే ఏమిటి?"

వాడు బావ ముఖం చూశాడు. చేతిలో పనిముట్టు కింద పెట్టాడు.

"అక్క చెప్పమంది బావా" అన్నాడు చివరికి.

"ఆదివారం నన్ను మామూలు బండి మీద గుట్ట మీదికి తోలేవాడివి కదా. చచ్చేవాణ్ని కదరా!"

"లేదు బావా, నీ మీదొట్టు. ఆ రోజు పొద్దున గొలుసు తెగిందని చెబుదామనుకున్నాం."

"అనుకున్నారా? ఇద్దరూ కూర్చుని ఆ అబద్ధం కూడా కుట్టేసి పెట్టుకున్నారా?"

వాడు తల వంచుకున్నాడు. తూకాలాయన సైకిలుని అక్కడే వదిలేసి నడుచుకుంటూ ఇంటికెళ్లాడు. దారిలో ఇద్దరు పలకరించి, "ఆదివారం ఇరగదీయాలి సార్" అన్నారు. ఆయన చెయ్యెత్తి ఊపాడు. ఏం చెబుతాడు?

భార్య నీలం రంగు తెర కుడుతోంది. తమ్ముడు అప్పటికే ఫోన్ చేసినట్టున్నాడు, మిషను ఆగి ఉంది. ఆయన వచ్చి ఎదురు స్టూలు మీద కూర్చున్నాడు. అరుస్తాడనుకుంది ఆవిడ. అరిచినా బాగుండేది.

"చిన్నపిల్లాడి చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దించి, అబ్బో నువ్వే రాశావని చప్పట్లు కొడతారు చూడు, అలా కొట్టారు కదే ఇద్దరూ" అన్నాడు.

"మరేం చెయ్యమంటారు?" అందావిడ. "మూడు నెలలు గోడకేసి చూశారు. నేనున్నానో పోయానో కూడా మీకు పట్టలేదు. గుట్ట లేకపోతే బతకనన్నారు, గుట్ట ఎక్కితే బతకరని డాక్టరన్నాడు. మధ్యలో నేను నలిగిపోయాను. ఆ దీపం రంగు మార్చి చెప్తే మనిషి మళ్లీ లేచాడు. చెప్పాను. తప్పే. ఇంకోసారి అలాగే జరిగితే మళ్లీ అదే చెప్తాను."

"మొదట్లో చెప్పావు, సరే. నాలుగు నెలలకైనా నిజం చెప్పచ్చు కదా? పందెంలో పేరిచ్చిననాడైనా?"

"పొద్దున్నే లేచి ఈల వేసుకుంటూ టైర్లకి గాలి కొట్టేవారు. ఆ మనిషితో ఎలా చెప్పను?"

"ఆ నంబరు కుట్టేటప్పుడు కూడా చెయ్యి వణకలేదా నీకు?"

ఆవిడ ఏడ్చింది. ఎదురుగా ఉన్నది శత్రువు కాదు. తన కోసం కన్నీళ్లు పెట్టుకున్న మనిషే. అదే ఆయన్ని ఎక్కువ కోసింది. బయటివాడైతే జరిమానా రాసి చేతులు దులుపుకునేవాడు. దీనికేం రాస్తాడు? కానీ బుర్రలో ఉద్యోగం మాత్రం ఆగలేదు. ఒక కాటాలో మోసం దొరికితే ఆ కొట్లో అన్ని కాటాలూ దింపించాల్సిందే, అది రూలు. ఆయన మనసు వెనక్కి వెళ్లి ఒక్కొక్కటే దింపడం మొదలుపెట్టింది.

"వేసవిలో పరీక్షలు చేయించాం కదా. నన్ను రక్తం ఇవ్వడానికి పంపి డాక్టరు నీతో మాట్లాడాడు. గుండె భేషుగ్గా కోలుకుందన్నాడని నువ్వే చెప్పావు. తొక్కడం వల్లే అని నేను వీధంతా చెప్పుకున్నాను."

ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకోవడం ఆపేసింది.

"ఏమన్నాడే ఆయన?"

పక్కింట్లో ఎవరో కుళాయి తిప్పారు, ఆపారు.

"కోలుకోలేదన్నారు" అంది. "గుండె బలం అప్పుడెంతుందో అంతే ఉందన్నారు. ఇంకా తగ్గకుండా చూసుకోవాలన్నారు."

"ఇంకేమన్నాడు?"

"అంతే."

"ఇంకేం లేదా?"

"లేదండీ. మీ మీద ఒట్టు, ఇంకేం లేదు."

ఆయన ఆవిడ కళ్లలోకి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా చూస్తున్న కళ్లే. అందులో ఉన్నది నిజమో, తన మీద జాలో తేల్చుకోలేకపోయాడు. లేచి గోడ మీది క్యాలెండరు దగ్గరికెళ్లాడు. దాని అంచున ఆసుపత్రి నంబరు ఆవిడ చేతిరాతతోనే ఉంది. ఆ రాతను కూడా ఒక్క క్షణం అనుమానంగా చూసి, మందుల చీటీ తెచ్చి, దాని మీద అచ్చేసిన నంబరుతో పోల్చుకున్నాడు. అంకెకి అంకె వేలు పెట్టి. ఆవిడ మిషను ముందు కూర్చుని అదంతా చూస్తూనే ఉంది.

రెండోసారి మోగాక అవతల డాక్టరు పలికాడు. వేసవి పరీక్షల సంగతి అడిగితే, ఇంట్లోవాళ్లకి ఒకసారి ఫోనివ్వమన్నాడు.

"వద్దు సార్. ఈసారి నాకే చెప్పండి" అన్నాడు తూకాలాయన.