ఐసీయూలో మిరపకాయల ఘాటు

దిష్టి, గాలి, చేతబడి అంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా అమ్మ ఎండుమిరపకాయలు మనిషి చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసి, ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టేనని అంటే నవ్వేవాణ్ణి. ఇప్పటికీ నమ్ముతున్నానని చెప్పలేను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

మాది చిలకలూరిపేట దగ్గర పల్లె. ఆ రోజు మిరపచేలో మందు కొట్టడానికి కూలి మనిషి రాలేదు. నా భార్య నాగమణి ట్యాంకు వీపుకు తగిలించుకుంది. కాసేపటికి, "ఏవండీ, ఇది కారుతోంది. వీపంతా తడిసిపోయింది" అంది.

"ఈ సాలు కానిచ్చెయ్. తర్వాత కడుక్కుందువులే" అన్నాను. గట్టు మీద నిలబడి అన్నాను.

సాయంత్రానికి ఆమె నోట నురగ వచ్చింది. గుంటూరు ఆసుపత్రిలో ప్రాణం నిలిపారు గానీ, ఒంటికి పట్టిన మందు ఊపిరి కండరాలను చచ్చుబడేలా చేసింది. గొంతులోకి గొట్టం వేసి మెషిన్ మీద పెట్టారు.

రోజూ పొద్దున డాక్టరమ్మ నాగమణి పక్కటెముకల కింద జెల్ రాసి స్కానింగ్ చేసేది. ఒకరోజు నన్ను లోపలికి పిలిచి తెర చూపించింది.

"ఈ తెల్లటి గీత కనపడుతోందా అండీ? ఊపిరి పీల్చే కండరం ఇదే. మెషిన్ సాయం తగ్గించి చూస్తున్నాం. ఇది తనంతట తాను కదిలితేనే గొట్టం తీయగలం."

గీత కదల్లేదు. నాగమణి చెయ్యి పట్టుకుని, "తప్పు నాది మణీ" అన్నాను.

అప్పుడు వచ్చింది ఘాటు. మాడిన ఎండుమిరపకాయల ఘాటు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. డాక్టరమ్మ మాస్కులోనే దగ్గి, "ఐసీయూలో తాలింపు పెట్టిందెవరమ్మా!" అని నర్సును కసిరింది. ఆ మాట పూర్తి కాకముందే తెర మీద గీత ఎగిరింది. నాగమణి పొలమారినట్టు కదిలింది. గీత మెల్లగా మళ్ళీ లేచింది. ఇంకోసారి.

ఆ గదికి తెరిచే కిటికీల్లేవు. వంటగది వేరే భవనంలో ఉంది. నర్సు వెతికింది, ఏమీ దొరకలేదు.

బయటికి రాగానే ఊరినుంచి అమ్మ ఫోన్ చేసింది. "ఒరేయ్, తిడితే తిట్టు. కోడలి చీర చుట్టూ తిప్పి మిరపకాయలు ఇప్పుడే పొయ్యిలో వేశాన్రా. బొగ్గయిపోయాయి గానీ పిసరంత ఘాటు లేదు. ఎంత దిష్టో చూడు!"

కొన్నాళ్ళకు గొట్టం తీశారు. నాగమణి బొంగురు గొంతుతో మొదట అడిగిన మాట, "అత్తయ్య ఏరండీ? ఇందాక నాకు దిష్టి తీస్తున్నారుగా."

ఇప్పుడు మందు నేనే కొడుతున్నాను. ఇంట్లో రాని ఘాటు గుంటూరులో ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు. నాగమణి నిద్రపోయాక ఆమె పక్కటెముకల మీద చెయ్యి ఆనించి చూస్తాను. కదులుతుంది. చెయ్యి తీయబుద్ధి కాదు.