ఫోన్ అయ్యేదాకా ఆగాను

ఈ రోజు మా జిన్నింగ్ మిల్లులో పత్తి కుప్ప అడుగున పొగ కనిపించింది. కుప్పకి అవతల మా అమ్మ పత్తి ఏరుతోంది. భయంతో మేస్త్రి గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన ఫోన్ మాట్లాడుతున్నారు. పెద్దవాళ్లను మధ్యలో పిలవడం నాకు చేతకాదు. పక్కనే అలాగే నిలబడ్డాను.

చివరికి ఆయనే నా మొహం చూసి, "ఏంట్రా?" అన్నారు.

"ఏం లేదండి, మీ ఫోన్ అయ్యాక చెబుతానండి... పత్తి అంటుకుందండి."

"ఓరి సన్నాసీ! ముందా మాట చెప్పి చావొద్దా!"

అందరూ ఉరికి నీళ్లు కొట్టి ఆర్పేశారు. అమ్మకి ఏమీ కాలేదు.

ఆయన ఇంకాసేపు మాట్లాడి ఉంటే నేనూ అలాగే నిలబడేవాణ్ణి. అది తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సయించడం లేదు. మీరైతే పెద్దవాళ్లను మధ్యలో ఎలా పిలుస్తారు? కాస్త చెప్పండి.