అత్త అందించిన లైను

పోయిన ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. మణికొండలో మా సంఘం కూడుకునేది ఒక వ్యాపార భవనం మూడో అంతస్తులో. కింద బిర్యానీ హోటలు, పైన సాఫ్ట్‌వేర్ కోచింగు, మధ్యలో మేమూ దేవుడూ. అక్కడ కరెంటు పోతే జనరేటరు అందుకోవడానికి ఎంతోసేపు పట్టదు. కానీ ఆ కాస్త వ్యవధిలోనే తెర మీది అక్షరాలు పోయాయి, కీబోర్డు పోయింది, మైకు పోయింది, వాటితోపాటు పాట కూడా పోయింది. అప్పటిదాకా కళ్లు మూసుకుని చేతులెత్తి పాడుతున్న అంతమంది ఠక్కున నోళ్లు మూసేశారు. ఎన్నాళ్లనుంచో పాడుతున్న పల్లవే, ఒక్కరికీ నోటికి రాదు. నా మొహం, నాకు మాత్రం వచ్చిందా? కింద హోటల్లో గరిటె చప్పుడు స్పష్టంగా వినిపించింది. నా కళ్లు వాటంతట అవే ముందు వరసలో గోడ పక్కనున్న కుర్చీ వైపు పోయాయి. అక్కడ మా మేనత్త కూర్చునేది. ఇప్పుడు ఆ కుర్చీలో ఎవరిదో హెల్మెట్టు ఉంది.

లైను అందించడం అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు విడమరిచి చెప్పాలి. మా పాత చర్చి ఖాజాగూడ గుట్టల పక్కన ఉండేది. రాతి గోడలు, పైన రేకులు, కింద చాపలు. ఎండాకాలం ప్రసంగం కాస్త పొడుగైతే నరకం గురించి అయ్యగారు వేరే చెప్పనక్కర్లేదు. మావాళ్లంతా రాళ్లు కొట్టి బతికినవాళ్లు, చదువొచ్చినవాళ్లు తక్కువ. అందుకని పాటలో ఒక్కో లైనునూ ఒకరు ముందు మామూలు మాటల్లాగా గబగబా చెప్పేస్తారు. హార్మోనియం ఎత్తుకుంటుంది, డోలక్ కలుస్తుంది, జనం ఆ లైనును రాగంలో పాడతారు. చెప్పినవాళ్లూ జనంలో కలిసి పాడతారు, రాగం పక్కకు పోతుంటే లోపలినుంచే దారికి లాగుతారు. పాడిన లైను చివరి అక్షరం ఇంకా గాలిలో ఉండగానే రెండోది చెప్పేయాలి. ఆలస్యమైతే పాట చచ్చిపోతుంది. మా చర్చిలో ఆ పని మా మేనత్తది. ఆమెకూ అక్షరం ముక్క రాదు. మా నాయనమ్మ అందించగా పట్టుకున్నదంతా కడుపులో పెట్టుకుంది.

అత్త భక్తిపరురాలే, కాదనను, కానీ నోరు మాత్రం మహా గట్టిది. ఇంట్లో పొయ్యి మీద పప్పు గుర్తొస్తే ఒక చరణం మొత్తం మింగేసేది, ఆమెతోపాటు మేమూ మింగేసేవాళ్లం. ఒకసారి పాట మధ్యలో మేక ఒకటి లోపలికొచ్చి కానుకల సంచి నమలడం మొదలుపెట్టింది. అత్త లైను చెప్పే ఊపులోనే, అదే గొంతుతో, "గా మేకను బయటికి కొట్టుండ్రి" అంది. వెనక కూర్చున్న మగవాళ్లు ఏమాత్రం తడుముకోకుండా "మేకను బయటికి కొట్టుండ్రి" అని పూర్తి రాగంలో, తాళంతో సహా పాడేశారు. హార్మోనియం పెదనాన్న అయితే చివర చిన్న గమకం కూడా వేశాడు. అయ్యగారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె ఏది అందిస్తే అది పాడటమే మాకు తెలుసు, మాటలైనా రాగమైనా సొంతంగా గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆమె ఉందిగా!

ఆ పాటలన్నిట్లో ఒకటి మా తాత కట్టింది. ఏ పాటల పుస్తకంలోనూ లేదు. మావాళ్లలో ఎవరైనా పోతే, ఇంటి ముందు శవపెట్టె లేపినప్పటినుంచి మట్టి ఇచ్చేదాకా అదే పాడేవాళ్లం. "పొద్దు వాలె దేవా, సుత్తె దించితిని" అని మొదలవుతుంది. "దుమ్ము కడిగి నన్ను లోనికి పిలువుమయ్యా" అనేది రెండో లైను. రాగం ఎలా ఉంటుందంటే చెప్పడం నా వల్ల కాదు. బరువు మోస్తూ నడిచేవాళ్ల అడుగుకు సరిపోయేలా నిదానంగా సాగేదని మాత్రం తెలుసు. మా నాన్నను ఆ పాటతోనే సాగనంపాం. ఆ రోజే వాకిట్లో నిలబడి అత్త అందరికీ చెప్పింది: "నా పెట్టె లేపినప్పుడు గూడ గీ పాటనే పాడాలె. పూలు గీలు ఏం వద్దు. పాట లేకుంట తీస్కపోతే పెట్టెల లేసి కూసుంట, సూడుండ్రి." అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

తర్వాత రోడ్డు వెడల్పు చేశారు, చర్చి పోయింది. భూముల ధరలు పెరిగాక మనుషులూ చెదిరిపోయారు. కొందరు చందానగర్ వైపు కిరాయికి వెళ్లారు, హార్మోనియం పెదనాన్నలాంటివాళ్లు ఏకంగా పైకే వెళ్లారు. మిగిలినవాళ్లం ఈ మూడో అంతస్తు సంఘంలో చేరాం. ఇక్కడ పాటకు వాయిద్యాలు ముందే రికార్డు చేసి ఉంటాయి. వేదిక మీద పిల్లలు చెవుల్లోని ఇయర్‌ఫోన్లలో టక్ టక్‌మని వినబడే లెక్కకు తగ్గట్టు పాడాలి. మా అత్తకు ఆ సంగతి తెలియదు కదా! మొదటి ఆదివారమే అలవాటు కొద్దీ లేచి నిలబడి, మైకు కంటే గట్టిగా లైను అందించింది. పాత చర్చి ఆడవాళ్లు ఆమె కోసం ఆగారు. ఆ టక్‌టక్ ఆగలేదు. సగం హాలు ఒక లైనులో, సగం హాలు ఇంకో లైనులో, పాట మొత్తం రసాభాస అయిపోయింది. కీబోర్డు వాయించే కుర్రాడు బిక్కమొహం వేసుకుని మా వైపు చూశాడు.

ఆరాధన అయ్యాక ఈ సంఘం అయ్యగారు అత్త దగ్గరికొచ్చి కుర్చీ పక్కన వంగి మాట్లాడారు. కోస్తా మనిషి, మెత్తని మాట. "అమ్మా, మాటలన్నీ స్క్రీన్ మీద కనబడుతున్నాయి కదండీ. ఇంక మీరు శ్రమ పడనక్కర్లేదమ్మా" అన్నారు.

"శ్రమేంది అయ్యగారూ? నాకు సదువు రాదు. గీళ్లల్ల సగంమందికి రాదు" అంది అత్త, ఆఫీసుల్లో ఊడ్చి తుడిచే ఆడవాళ్ల వైపు చూపిస్తూ.

అయ్యగారు నిజంగా మంచివాడు. ఆ మాట గురించి వారమంతా ఆలోచించి, తర్వాతి ఆదివారం తెర మీద అక్షరాల సైజు పెంచారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒళ్లు మండింది కానీ ఎవరి మీద మండాలి? అత్త మళ్లీ లేవలేదు. ఏసీ చలికి శాలువా కప్పుకుని, పాట జరిగినంతసేపూ తన చేతుల వైపు చూసుకుంటూ కూర్చునేది. పెదవులు కూడా కదిలేవి కావు. అంత నోరున్న మనిషి అలా కూర్చుంటే చూడలేకపోయేదాన్ని.

మంచాన పడ్డాక ఆమెను నా ఫ్లాట్‌కే తెచ్చుకున్నాను. నేను దవాఖానలో నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఆమె ఊపిరి తీరు చూస్తే నాకు అర్థమైపోయింది. "అత్తా, తాత పాట ఒకసారి చెప్పు, ఫోన్‌ల పట్టుకుంట" అన్నాను. ఆమె మొహం వెలిగింది. దిండుకు ఆనుకుని కూర్చుని, కొంగు సర్దుకుని, పాత గొంతుతో మొదటి లైను చెప్పి ఆగింది. మధ్యలో నేను గొంతు కలిపితే రికార్డింగు చెడిపోతుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది. కాసేపటికి రెండో లైను చెప్పింది, మళ్లీ ఆగింది. ముందు మాటలన్నీ చెప్పి, తర్వాత పాడుతుందిలే అనుకున్నాను. పాట చివరిదాకా అలాగే చెప్పింది, ఆగింది. ఆఖర్న కళ్లు మూసుకుని, "ఎవ్వరు అందుకుంటలేరు. ఇగ చాలు బిడ్డా" అంది. పాపం, చర్చిలో ఉన్నాననుకుంటోంది, మతి చెదిరింది అనుకున్నాను. రేపు కాస్త ఓపిక వచ్చాక రాగంతో పాడించుకుందామని ఫోను పక్కన పెట్టాను. ఆ ఓపిక మళ్లీ రాలేదు.

పెట్టె వచ్చేలోగా కీబోర్డు కుర్రాణ్ణి పిలిచి రికార్డింగు వినిపించాను. వాడు చెవి దగ్గర పెట్టుకుని శ్రద్ధగా విన్నాడు, రెండోసారీ విన్నాడు. "ఆంటీ, ఇందులో ట్యూన్ లేదండీ. మాటలే ఉన్నాయి, మధ్యలో ఖాళీ" అన్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పుడు నాకు తెలిసింది ఆమె ఎందుకు ఆగిందో.

అయినా ఆశ చావదు కదా! పెట్టె వ్యానులోకి ఎక్కించేటప్పుడు ఎవరికీ రాగం అందలేదు, సమాధుల తోటలోనైనా పాడదామనుకున్నాం. చందానగర్‌నుంచి పాత చర్చివాళ్లు కొందరు వచ్చారు. అత్త గొంతు వింటే వాళ్లకు రాగం అదే వస్తుందనుకుని, పెట్టె దింపుతుండగా ఫోను స్పీకరుకు కలిపాను. "పొద్దు వాలె దేవా, సుత్తె దించితిని" అంది అత్త, ఎప్పటిలాగే గబగబా. అందరం నోళ్లు తెరిచాం. ఒకామె ఎత్తుకుంది, అది రెండు మాటల్లోనే ఇంకేదో పాటలోకి జారిపోయింది. ఇంకొకాయన వేరే రాగం పట్టి, సిగ్గుపడి ఆపేశాడు. నేనూ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాను. అత్త రెండో లైను చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ప్రయత్నించలేదు. ఆమె చెబుతూ పోయింది, మేము తలలు వంచుకుని ఆ ఖాళీలన్నీ వింటూ నిలబడ్డాం. చివర ఏముందో గుర్తొచ్చి ఫోను ఆపబోయేసరికే స్పీకరులోంచి ఆమె గొంతు వచ్చేసింది: "ఎవ్వరు అందుకుంటలేరు. ఇగ చాలు బిడ్డా."

అయ్యగారు ప్రార్థన చేశారు. మట్టి ఇచ్చి, చేతులు కడుక్కుని వచ్చేశాం. పెట్టెలో ఎవరూ లేచి కూర్చోలేదు.

జనరేటరు అందుకోగానే పోయిన ఆదివారం పాట ఆగినచోటునుంచే మళ్లీ మొదలైంది, అందరూ చేతులెత్తి పాడారు, నేనూ పాడాను. ఆ రికార్డింగు ఇంకా నా ఫోనులో ఉంది. అప్పుడప్పుడు పెట్టుకుంటాను. అత్త లైను చెప్పి మా కోసం ఆగుతుంది. ఆ పాట అందుకోవడానికి మాకు మిగిలిన కాలమంతా ఆమె ఆగిన ఆ కాసేపే, అందులోనూ మేము నోరు మూసుకునే ఉన్నాం.