సొగడు తెలియని ముక్కు

ఊరిగాం బంగారు గని కూలీల లైనిళ్ళలో ఎవరు గింజల కోసం వలిచే అనపకాయలు కొనాలన్నా ముందు నా ముక్కును పిలుస్తారు. మంచి చలికాలపు కాయకు జిడ్డుజిడ్డుగా ఒక వాసన ఉంటుందట, దాన్ని సొగడు అంటారు; అది లేకపోతే కాయ తాజాది కాదని లెక్క. ఉంటుందట అనే రాస్తున్నాను, ఎందుకంటే నాకది ఒక్కనాడూ తెలియలేదు. మాడిన పాలు తెలుస్తాయి, మూడిళ్ళ అవతల ఎండుచేప తెలుస్తుంది. ఇది మాత్రం తెలియదు.

పెళ్ళయిన మొదటి చలికాలం మా అత్త మార్కెట్లో గుప్పెడు కాయలు తీసి నా ముక్కు కింద పెట్టింది.

"సొగడు ఉండాదా?"

ఆంధ్రా పల్లె నుంచి వచ్చిన కోడలికి ఏమీ తెలియదని ఆమె అప్పటికే లైనంతా చెప్పి ఉంది. నాకు నిజంగానే ఏ వాసనా రాలేదు. "లేదత్తా" అన్నాను. అంగడివాడు గొణుక్కుంటూ వెనక దాచిన తాజా మూట విప్పాడు. అత్త నన్ను మొదటిసారి మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు పోగొట్టుకోలేక, ప్రతి ఏడూ మొదటి కుప్పను వద్దంటూనే వచ్చాను. అత్త పోయింది, గనులు మూతబడ్డాయి, నా ముక్కుకు పేరు మాత్రం నిలిచింది.

అరవై దాటాక నాకు అక్షరాలు నేర్పిన మనవరాలు ఇప్పుడు కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. దానికొక్కదానికే ఈ సంగతి చెప్పాను.

"ముక్కులో వాసనల్ని పట్టే ప్రోటీన్లు ఉంటాయవ్వా. వాటిని తయారుచేసేది జీన్లు. నీకు అందులో ఒకటి పుట్టుకతోనే చెడిపోయి ఉంటుందేమో. నీ తప్పేం లేదు" అంటూ 'జీన్' అని నా చేత నోటుబుక్కులో రాయించింది.

"జీన్ చెడిందిలే. అబద్ధం చెప్పింది నోరు గదే" అన్నాను.

ఇక చాలనుకుని, మొన్న మార్కెట్లో కుప్ప ముందు నిలబడి పక్కింటామెకు చెప్పేశాను.

"నాకు సొగడు తెలీదమ్మా. పుట్టినప్పటి నుంచీ తెలీదు. ఇన్నేండ్లూ మిమ్మల్ని మోసం చేసినాను."

ఆమె నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మెల్లగా మాట్లాడక్కా. అంగడాయన విన్నాడంటే ఇంగ మనకు మంచి కాయ యాడ ఇస్తాడు? ముందు వాసన చూడు."

ఆమెకు ఎన్నాళ్ళుగా తెలుసో నేను అడగలేదు. కాయ తీసి వాసన చూశాను. ఏమీ లేదు. తల అడ్డంగా ఊపాను. అంగడివాడు గొణుక్కుంటూ వెనక్కి వంగి, మూట విప్పాడు.